విదేశీ ప్రయాణంలో డబ్బు: బషీర్‌బాగ్ కౌంటరు నుంచి పరాయి ఊరి ఏటీఎం దాకా

శంషాబాద్ విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ దాటాక, డాలర్లు కొనలేదన్న సంగతి గుర్తుకు రావడం మా ఇంట్లో ఒకసారి జరిగింది. విమానం ఎక్కడానికి గంట కూడా లేదు. ఎదురుగా ఉన్న కౌంటరులో చెప్పిన రేటుకు, ముందు రోజు ఊళ్లో విన్న రేటుకు మధ్య డాలరుకు నాలుగు రూపాయల పైనే తేడా ఉంది. ఐదు వందల డాలర్లు తీసుకున్నాం కాబట్టి, రెండు వేల రూపాయలకు పైగా ఆ గాజు కిటికీ దగ్గరే వదిలేసి విమానం ఎక్కాం. ఆ తర్వాతి ప్రయాణాల్లో ఇంకొన్ని తప్పులూ చేశాను, వాటిని సరిదిద్దుకోవడమూ నేర్చుకున్నాను. నా అనుభవంలో ప్రయాణికుడి డబ్బు వృథా అయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల. బయలుదేరే ముందు పదిహేను రోజుల్లో హైదరాబాద్‌లో కూర్చుని చేసుకోవలసిన పనులు చేయకపోవడం వల్ల ఒకటి, అక్కడికి వెళ్లాక కార్డు మిషను తెర మీద కనిపించే ఒక చిన్న ప్రశ్నకు తొందరలో తప్పు జవాబు ఇవ్వడం వల్ల రెండోది. అందుకే ఈ రెండింటి గురించి విపులంగా రాస్తాను. మిగతావి అవసరమైనంత మేరకు.

ఎంత నగదు, ఎంత కార్డు

పెట్టెలో ఎంత నగదు పెట్టుకోవాలన్న ప్రశ్నకు అన్ని దేశాలకూ పనికొచ్చే జవాబు లేదు. స్వీడన్‌లో చాలా దుకాణాలు నగదు తీసుకోవు. లండన్ బస్సుల్లో 2014 జూలై నుంచి నగదు ఇచ్చి టికెట్టు కొనే పద్ధతే లేదు. అదే జర్మనీలో చిన్న బేకరీల్లోనూ, జపాన్‌లో పాతకాలపు నూడుల్స్ దుకాణాల్లోనూ, వియత్నాంలో వీధి బండ్ల దగ్గరా చేతిలో నోట్లు లేకపోతే ఇబ్బంది పడతారు. కాబట్టి మీరు వెళ్లే ఊళ్లో ఈ మధ్యే ఉండి వచ్చినవారిని ఒక్కరినైనా అడిగి, ఆ తర్వాతే లెక్క వేసుకోండి.

నేను పాటించే పద్ధతి చెబుతాను. దిగిన తర్వాత రెండు రోజుల భోజనానికి, టాక్సీ కిరాయికి సరిపడా ఆ దేశపు నగదు తీసుకెళతాను. అది కాకుండా అత్యవసరానికి వంద డాలర్ల నోట్లు రెండు మూడు విడిగా ఉంచుతాను. రోజువారీ ఖర్చుకు ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీని ముందే నింపుకునే కార్డు) గాని, విదేశీ ఖర్చు మీద మార్కప్ ఫీజు (మారకం మీద బ్యాంకు అదనంగా వేసే రుసుము) లేని కార్డు గాని వాడతాను. హోటలు, అద్దె కారు వంటి డిపాజిట్లకు మాత్రం క్రెడిట్ కార్డే ఇస్తాను. ఇవన్నీ ఒకే పర్సులో పెట్టను. దంపతులిద్దరూ వెళుతున్నప్పుడు ఇద్దరి దగ్గరా ఒకే ఖాతాకు చెందిన కార్డులు ఉంటే అది ఒక్క కార్డు కిందే లెక్క, ఎందుకంటే ఆ ఖాతాకు ఏదైనా అడ్డంకి వస్తే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఒకరి దగ్గర ఒక బ్యాంకుది, ఇంకొకరి దగ్గర మరో బ్యాంకుది ఉంచుకోవడం మంచిది. ఒకటి వీసా, రెండోది మాస్టర్‌కార్డు అయితే మరీ మంచిది.

నగదు కొనేటప్పుడు

హైదరాబాద్‌లో విదేశీ నగదు బ్యాంకుల్లోనూ, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ల దగ్గరా దొరుకుతుంది. బషీర్‌బాగ్, సోమాజిగూడ, సికింద్రాబాద్ ప్రాంతాల్లో ఇలాంటి దుకాణాలు ఉన్నాయి. ఫోనులో బుక్ చేస్తే ఇంటికే తెచ్చి ఇచ్చేవారూ ఉన్నారు. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ కార్డు అడుగుతారు. ఇవేవీ అడగకుండా, రసీదు ఇవ్వకుండా, సందు మలుపులో నిలబెట్టి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవారు రూపాయి తక్కువకే ఇస్తామన్నా తీసుకోకూడదు. అది విదేశీ మారకపు వ్యవహారాలను నియంత్రించే ఫెమా చట్టానికి విరుద్ధం. దొంగనోటు వస్తే అడిగే దిక్కు ఉండదు, తిరిగొచ్చాక మిగిలిన నోట్లు అమ్మేటప్పుడు చూపించడానికి కాగితమూ ఉండదు.

రేటు అడిగే పద్ధతి ఒకటి ఉంది. ‘డాలరు ఎంతండీ?’ అని అడిగితే ఒక అంకె చెబుతారు, బిల్లులో సర్వీసు చార్జీ, పన్ను కలిసి మరో అంకె అవుతుంది. అలా కాకుండా ‘అన్నీ కలిపి ఐదు వందల డాలర్లు నా చేతికి రావాలంటే ఎన్ని రూపాయలు కట్టాలి?’ అని అడగాలి. ఒకే రోజు, ఒకే గంటలో ముగ్గురికి ఫోన్ చేసి ఇదే ప్రశ్న వేస్తే ఎవరి రేటు ఏమిటో తేలిపోతుంది. బషీర్‌బాగ్‌లో నేను మామూలుగా వెళ్లే దుకాణంలో కౌంటరు వెనక కుర్రాడు రేటు చెప్పే ముందు, ‘మీరు బయట ఎంత విన్నారు సార్?’ అని అడుగుతాడు. ‘ముందు నీ రేటు చెప్పు బాబూ’ అంటే కాలిక్యులేటరు మీద ఒక అంకె కొట్టి చూపిస్తాడు. ‘పక్క దుకాణంలో కనుక్కుని వస్తాను’ అని లేవబోతే అదే కాలిక్యులేటరు మీద నలభై పైసలు తగ్గుతుంది. ‘జీరో కమిషన్’ అని బోర్డు పెట్టినవారు కూడా తమ లాభాన్ని రేటులోనే వేసుకుంటారు, అందులో తప్పు లేదు, మనం చూడవలసింది ఆఖరి మొత్తం మాత్రమే. లక్ష రూపాయల లోపు కొనుగోలు మీద జీఎస్టీ 0.18 శాతమే, కనిష్ఠం 45 రూపాయలు. పన్ను పేరు చెప్పి అంతకు మించి అడిగితే బిల్లు రాసి ఇమ్మనండి.

కొన్ని పరిమితులు గుర్తుంచుకోవాలి. మామూలు పర్యటనకు విదేశీ నోట్ల రూపంలో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే తీసుకోవచ్చు, ఆ పైన కావలసినది కార్డులో వేయించుకోవాలి. కొన్ని దేశాలకు మాత్రం ఈ పరిమితి వేరు. విదేశీ మారకం కొనడానికి రూపాయల నగదు ఇవ్వడం 50,000 లోపు వరకే, ఆ పైన బ్యాంకు ద్వారా చెల్లించాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి కొనుక్కోవచ్చు. ఇక లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి మొత్తం 2,50,000 డాలర్ల వరకు పంపుకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు. విహారయాత్రకు వెళ్లేవారిలో ఆ హద్దు దగ్గరికి వెళ్లేవారు తక్కువే.

నోట్ల పరిస్థితి విషయంలో మనవాళ్లు చాలా అశ్రద్ధ చూపిస్తారు. ఇక్కడ నోటు మీద పెన్నుతో అంకె రాసి ఉన్నా కూరగాయల బండి దగ్గర చెల్లిపోతుంది. ఆగ్నేయాసియాలో డాలర్లు మార్చుకునే కౌంటర్ల దగ్గర అలా కాదు. గీత ఉన్న, చిరుగు ఉన్న, మరకపడ్డ డాలరును తిప్పి వెనక్కి ఇచ్చేస్తారు. వంద, యాభై డాలర్ల నోట్లకు ఒక రేటు, ఇరవైకి, పదికి అంతకంటే తక్కువ రేటు ఇచ్చే చోట్లూ ఉన్నాయి. కాబట్టి మార్చుకోవడానికైతే పెద్ద నోట్లు, నేరుగా ఖర్చు పెట్టుకోవడానికైతే చిన్న నోట్లు అడిగి తీసుకోండి. కౌంటరు దగ్గర నుంచి లేవక ముందే ఒక్కొక్క నోటునూ వెలుతురుకు పెట్టి చూసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు. యూరోల్లో 200 నోటు చూపిస్తే చాలా దుకాణాల్లో తీసుకోరు. 500 యూరోల నోటును 2019 తర్వాత కొత్తగా విడుదల చేయడమే మానేశారు. యాభై, ఇరవై నోట్లే అడగండి.

ఇంకో ముచ్చట. బంధువుల్లో ఎవరో ఎప్పుడో లండన్ వెళ్లి వచ్చి బీరువాలో దాచిన పౌండ్లు ‘నీకు పనికొస్తాయి బాబూ’ అని ప్రేమగా చేతిలో పెడతారు. ఇంగ్లండ్‌లో కాగితం నోట్లు పోయి ఇప్పుడు ప్లాస్టిక్ నోట్లే నడుస్తున్నాయి. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30 తర్వాత దుకాణాల్లో చెల్లవు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాటిని మార్చి ఇస్తుంది గాని, నాలుగు రోజుల పర్యటనలో ఆ పని పెట్టుకోవడం దండగ. ఆ నోట్లు తీసుకునే ముందు తాకి చూడండి.

ఏ కరెన్సీ కొనాలన్నది మరో ప్రశ్న. దుబాయ్ వెళ్లేవారు ఇక్కడే దిర్హాములు కొనుక్కోవడం మేలు, ఇక్కడ డాలర్లు కొని అక్కడ మళ్లీ మార్చుకుంటే రెండుసార్లు మారకం చార్జీ పడుతుంది. దిర్హాము విలువ డాలరుకు 3.6725 చొప్పున స్థిరంగా కట్టి ఉంది కాబట్టి డాలరు రేటు తెలిస్తే దిర్హాము అసలు విలువ ఎంతో మీరే లెక్క కట్టుకోవచ్చు, కౌంటరులో చెప్పిన రేటు దానికి ఎంత దూరంలో ఉందో చూసుకోవచ్చు. వియత్నాం డాంగ్, ఇండోనేషియా రుపియా వంటివి ఇక్కడ దొరికినా మంచి రేటుకు దొరకవు. వాటికి మాత్రం డాలర్లు తీసుకెళ్లి అక్కడ ఊళ్లో మార్చుకోవడమే నయం. దిగిన విమానాశ్రయంలో టాక్సీకి సరిపడా మాత్రమే మార్చి, మిగతాది ఊళ్లోకి వెళ్లాక మార్చుకోండి.

కార్డులను సిద్ధం చేయడం

మన కార్డులు మామూలుగా విదేశాల్లో పనిచేయవు. కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ చేసే సౌకర్యం ఆపివేసి ఇవ్వాలని, కావలసినవారే వాటిని తెరుచుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2020లో నియమం పెట్టింది. అంటే బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి ‘ఇంటర్నేషనల్’ అన్న చోట ఏటీఎంకు, దుకాణాలకు, ఆన్‌లైన్‌కు, ట్యాప్‌కు విడివిడిగా మీటలు తెరిచి, ఒక్కోదానికీ రోజువారీ పరిమితి పెట్టుకోవాలి. చాలామంది మొదటిది తెరిచి మిగతావి మరచిపోతారు. లండన్ మెట్రో గేటు దగ్గర కార్డు ఆనించి, ఎర్ర దీపం వెలిగి, వెనక ఇరవై మంది నిలబడి ఉన్నప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. ఏటీఎం పరిమితి మీకు కావలసినంతే పెట్టండి, ఆన్‌లైన్ విదేశీ వాడకం అవసరం లేకపోతే మూసే ఉంచండి. చాలా విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగకుండానే కార్డు అంకెలతో డబ్బు తీసుకుంటాయి, కాబట్టి ఆ తలుపు తెరిచి ఉంచడం అనవసరపు ప్రమాదం.

పిన్ నంబరు గుర్తుందో లేదో ఇక్కడే ఏదైనా దుకాణంలో ఒకసారి వాడి చూసుకోండి. ట్యాప్ చేయడానికి అలవాటు పడి పిన్ మరచిపోయినవారు, యూరప్ రైల్వే స్టేషన్లలో మనుషులు లేని టికెట్టు మిషను పిన్ అడిగినప్పుడు తెల్లమొహం వేస్తారు. బ్యాంకుతో ముడిపడిన ఫోన్ నంబరుకు అంతర్జాతీయ రోమింగు వేయించుకోవడం కూడా ఈ జాబితాలోనిదే, అక్కడి సిమ్ వేసుకున్నా మన సిమ్ ఫోనులో బతికే ఉండాలి. లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే ఫారెక్స్ కార్డులో డబ్బు వేయడమూ కుదరదు. రూపే కార్డుల్లో అంతర్జాతీయ రకం ఉన్నవే విదేశాల్లో పనిచేస్తాయి, అవి కూడా డిస్కవర్, జేసీబీ వంటి నెట్‌వర్కులు తీసుకునే చోట మాత్రమే. దాన్ని ఏకైక కార్డుగా పెట్టుకుని వెళ్లవద్దు.

ఫారెక్స్ కార్డులో డబ్బు వేసిన రోజు రేటు ఖాయమైపోతుంది, ఆ తర్వాత రూపాయి పడిపోయినా మీకు బాధ లేదు. కాని అందులో డాలర్లు వేసుకుని స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకుల్లో ఖర్చు చేస్తే క్రాస్ కరెన్సీ చార్జీ అని సాధారణంగా మూడు శాతం పైనే పడుతుంది. కాబట్టి వెళ్లే దేశపు కరెన్సీ ఆ కార్డులో దొరుకుతుందో లేదో ముందు చూడాలి. దొరకకపోతే దానికంటే మార్కప్ లేని క్రెడిట్ కార్డో, డెబిట్ కార్డో నయం. శని, ఆదివారాల్లో మారకపు మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి పనిరోజుల్లో వేయించుకోండి. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద ప్రతి విదేశీ ఖర్చుకు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ వేస్తారు. మీ కార్డుకు ఎంతో చార్జీల పట్టికలో ఉంటుంది, అది చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

పన్ను గురించి రెండు మాటలు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు, నగదు, బ్యాంకు బదిలీ అన్నీ కలిపి పది లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద ప్రయాణ ఖర్చులకు 20 శాతం టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఏడు లక్షలుగా ఉన్న ఈ హద్దును 2025 ఏప్రిల్ నుంచి పదికి పెంచారు. టూర్ ప్యాకేజీలకు, చదువుకు, వైద్యానికి లెక్కలు వేరు. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది గాని అంతవరకు చేతిలో ఉండదు. విదేశాల్లో ఉండగా క్రెడిట్ కార్డుతో చేసే ఖర్చును కూడా ఇందులోకి తేవాలని 2023లో అనుకుని, ఆ తర్వాత అమలును వాయిదా వేశారు.

తెర మీద ప్రశ్న

ఇటలీలో ఒక హోటలు ఖాళీ చేస్తున్న ఉదయం. బిల్లు 240 యూరోలు. కౌంటరులో ఉన్నాయన కార్డు మిషనులో నా కార్డు పెట్టి, తెరను తన వైపు తిప్పుకుని ఏదో నొక్కి, ఆ తర్వాత నా వైపు తిప్పి పిన్ కొట్టమన్నాడు. కొట్టాను. స్లిప్పు చేతికి వచ్చాక చూస్తే మొత్తం రూపాయల్లో ఉంది, కింద చిన్న అక్షరాల్లో మార్జిన్ 6 శాతం అని అచ్చయి ఉంది. తెర మీద రెండు వరుసలు ఉండి ఉంటాయి, ఒకటి యూరోల్లో, రెండోది రూపాయల్లో. నన్ను అడగకుండానే ఆయన రెండోది నొక్కాడు. టాక్సీ బయట ఉంది, ఇంట్లోవాళ్లు సామానుతో మెట్ల మీద ఉన్నారు. వదిలేశాను. ఆ రోజు వదిలేసినందుకే ఈ భాగం ఇంత పొడవుగా రాస్తున్నాను.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, పొట్టిగా డీసీసీ. మీ కార్డు భారతదేశంలోదని మిషను గుర్తుపట్టి, ‘మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా?’ అని అడుగుతుంది. చూడడానికి మర్యాదగానే ఉంటుంది, ఎంత ఖర్చయిందో వెంటనే రూపాయల్లో తెలుస్తుంది కదా అనిపిస్తుంది. నిజానికి అక్కడ మారకం రేటు నిర్ణయించేది మన బ్యాంకు కాదు, వీసా, మాస్టర్‌కార్డు వంటి సంస్థలూ కాదు. ఆ దుకాణానికి మిషను ఇచ్చిన సంస్థ తన లాభం కలుపుకుని వేసిన రేటు అది, అందులో కొంత దుకాణదారుకూ వాటాగా వెళుతుంది. అందుకే కౌంటరులో ఉన్నవారికి అది నొక్కించడంలో ఆసక్తి ఎక్కువ.

లెక్క సులువు కోసం యూరో వంద రూపాయలనుకుందాం. 240 యూరోలంటే 24,000 రూపాయలు. యూరోల్లో చెల్లించి ఉంటే, నా కార్డుకు 3.5 శాతం మార్కప్ 840, దాని మీద జీఎస్టీ 151, మొత్తం 24,991. రూపాయల్లో చెల్లించినందుకు 6 శాతంతో 25,440. అంతటితో అయిపోలేదు, విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి కూడా కొన్ని బ్యాంకులు ఒక శాతం దాకా విడిగా వసూలు చేస్తాయి, పైన జీఎస్టీ. అలా 25,740 అవుతుంది. మార్కప్ లేని కార్డు వాడేవారికి 24,000తో పోయే పని ఇది. యూరోలు వేసిన ఫారెక్స్ కార్డుతో ఈ తప్పు చేస్తే ఇంకా దారుణం. యూరోలను రూపాయలుగా లెక్కకట్టి, ఆ రూపాయలను మళ్లీ మీ కార్డులోని యూరోల్లోంచి తీసుకుంటారు, రెండు వైపులా చార్జీలే.

కాబట్టి నియమం ఒక్కటే: ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కరెన్సీలోనే చెల్లించాలి. దుకాణంలో కార్డు ఇచ్చే ముందే ‘లోకల్ కరెన్సీ, ప్లీజ్’ అని చెప్పండి. మిషనును మీ చేతిలోకి తీసుకుని తెర మీద కరెన్సీ గుర్తు చూసిన తర్వాతే పిన్ కొట్టండి లేదా ట్యాప్ చేయండి. పొరపాటున రూపాయల్లో పడితే, అక్కడ నిలబడి ఉండగానే ఆ లావాదేవీని రద్దు చేసి మళ్లీ వేయమని అడగండి. కౌంటరు దాటి వచ్చాక బ్యాంకుకు ఎన్ని ఉత్తరాలు రాసినా, పిన్ మీరే కొట్టారు కదా అన్న జవాబే రావచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2020 ఏప్రిల్ నుంచి ఈ మార్జిన్‌ను ఐరోపా కేంద్ర బ్యాంకు రేటుతో పోల్చి శాతంలో చూపించాలన్న నిబంధన ఉంది. కనుక స్లిప్పులో ఆ అంకె ఉందో లేదో చూసుకుంటే మీకు ఏం జరిగిందో తెలిసిపోతుంది.

ఏటీఎంలో ఇదే ప్రశ్న ఇంకా తెలివిగా అడుగుతారు. మీరు మొత్తం నొక్కాక తెర మీద మారకం రేటు చూపించి, ఒక వైపు ‘కన్వర్షన్ అంగీకరిస్తున్నాను’, మరో వైపు ‘కన్వర్షన్ వద్దు’ అని పెడతారు. వద్దంటే డబ్బే రాదేమోనని జనం భయపడి అంగీకరించేస్తారు. భయపడనక్కర్లేదు, వద్దని నొక్కినా నోట్లు వస్తాయి, మారకం మాత్రం మీ కార్డు ఇచ్చినవారి రేటుకు జరుగుతుంది. మొదటిసారి ఆ మీట నొక్కేటప్పుడు నాకూ చెయ్యి వణికింది.

ఏటీఎంలు, డిపాజిట్లు, చిల్లర తిప్పలు

బ్యాంకు భవనానికి ఆనుకుని ఉన్న ఏటీఎంను, బ్యాంకు తెరిచి ఉన్న వేళలో వాడటం మంచిది. కార్డు లోపల ఇరుక్కుంటే అడగడానికి మనిషి ఉంటాడు. పర్యాటకుల వీధుల్లో, సూపర్‌మార్కెట్ల మూలల్లో నిలబెట్టిన విడి మిషన్లకు చార్జీలు ఎక్కువ. కార్డు పెట్టే చోటు కొంచెం లాగి చూడండి, అది కదిలితే వాడవద్దు. మీటల మీద చెయ్యి అడ్డం పెట్టి పిన్ కొట్టండి. ఖాతా రకం అడిగితే సేవింగ్స్ ఎంచుకోండి. ఫారెక్స్ కార్డుకు ఏది నొక్కాలో కార్డుతో ఇచ్చిన కాగితంలో ఉంటుంది. థాయ్‌లాండ్‌లో చాలా ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 200 భాట్లకు పైగా వసూలు చేస్తాయి. అలాంటి చోట రోజుకు కొంచెం కొంచెం తీయకుండా ఒకేసారి తీసుకుని హోటలు లాకరులో పెట్టుకోవాలి. జపాన్‌లో సెవెన్ ఎలెవన్ దుకాణాల్లో ఉండే సెవెన్ బ్యాంకు ఏటీఎంలు విదేశీ కార్డులకు బాగా పనిచేస్తాయి. క్రెడిట్ కార్డుతో మాత్రం ఎక్కడా నగదు తీయవద్దు, దానికి విడిగా ఫీజు, తీసిన రోజు నుంచే వడ్డీ.

హోటలులో దిగేటప్పుడు డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని కార్డు మీద పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డు అయితే అది మీ పరిమితిలోంచి కొంచెం తగ్గి, తర్వాత విడుదల అవుతుంది. డెబిట్ లేదా ఫారెక్స్ కార్డు ఇస్తే మీ సొంత డబ్బే రోజుల తరబడి ఇరుక్కుంటుంది, అదే డబ్బు మరుసటి ఊళ్లో భోజనానికి కావలసి వస్తుంది. అద్దె కార్ల సంస్థలు చాలావరకు డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతాయి. అమెరికాలో పెట్రోలు బంకులో పంపు దగ్గర కార్డు పెడితే జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్‌కోడుతో అది పనిచేయదు, లోపలికి వెళ్లి క్యాషియరుకు పంపు నంబరు చెప్పి ముందుగా చెల్లించాలి. అక్కడి రెస్టారెంట్లలో కార్డు గీకిన తర్వాత స్లిప్పు మీద టిప్పు రాయిస్తారు కాబట్టి ముందు వచ్చిన మెసేజిలోని మొత్తం, ఆఖరున స్టేట్‌మెంటులో వచ్చే మొత్తం వేరుగా ఉంటాయి. అది మోసం కాదు, కాని మీరు రాసిన అంకె గుర్తుండటానికి స్లిప్పును ఫోటో తీసుకోండి.

లండన్ మెట్రోలో ఎక్కేటప్పుడు ఏ కార్డు ఆనించారో దిగేటప్పుడూ అదే ఆనించాలి. ఫోనులో ఉన్న కార్డు, చేతిలోని అదే ప్లాస్టిక్ కార్డు ఆ గేటుకు రెండు వేరు వేరు కార్డులు, కలిపి వాడితే రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కకట్టి గరిష్ఠ చార్జీ వేస్తారు.

మన యూపీఐ కూడా కొన్ని దేశాల్లో నడుస్తోంది: భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంక, మారిషస్. పారిస్‌లో ఈఫిల్ టవర్ టికెట్లు కూడా అలా కొనుక్కోవచ్చు. యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని విడిగా తెరవాలి. అన్ని దుకాణాల్లో ఉండదు కాబట్టి, ఉంటే వాడుకోవలసినదే తప్ప దాన్ని నమ్ముకుని బయలుదేరకూడదు.

కొత్త నోట్లను చీకట్లో వాడవద్దు. వియత్నాంలో 20,000 డాంగ్ నోటు, 5,00,000 డాంగ్ నోటు రెండూ నీలంగానే ఉంటాయి. మొదటిది సుమారు 70 రూపాయలు, రెండోది 1,700 రూపాయలకు అటూ ఇటూ. హోచిమిన్ నగరంలో రాత్రి పూట టాక్సీ దిగుతూ, వెనక సీటు చీకట్లో వేళ్లతో తడుముకుని, చిన్నది ఇస్తున్నాననుకుని పెద్దది ఇచ్చాను. గదికి వెళ్లి పర్సు లెక్కపెట్టుకుంటే గాని తెలియలేదు. మర్నాటి నుంచి ఐదు లక్షల నోట్లను పర్సులో కాకుండా పాస్‌పోర్టు కవరులో పెట్టుకున్నాను. కొత్త దేశంలో దిగిన రోజు రాత్రే, గదిలో దీపం కింద అన్ని నోట్లనూ మంచం మీద పరిచి రంగు, సున్నాలు చూసుకునే అలవాటు అప్పటి నుంచి మా ఇంటిల్లిపాదికీ వచ్చింది.

కార్డు పోతే

మొదట యాప్‌లో కార్డును ఆపివేయండి, ఆ తర్వాతే వెతకడం. దొరికితే చాలా యాప్‌లలో మళ్లీ తెరుచుకోవచ్చు. ఫోను కూడా పోయి ఉంటే బ్యాంకుకు ఇంకొకరి ఫోనుతో మాట్లాడాలి. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు చాలావరకు విదేశాల నుంచి కలవవు, కాబట్టి ప్లస్ 91తో మొదలయ్యే నంబరును బయలుదేరే ముందే కాగితం మీద రాసి రెండు సంచుల్లో ఉంచాలి. కార్డు అంకెలు, పిన్ మాత్రం ఆ కాగితం మీద రాయవద్దు. మీ తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా మూడో వ్యక్తి చేసిన మోసాన్ని, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే మీ మీద భారం పడదని రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధనలు చెబుతున్నాయి. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే పరిమిత భారం, ఆ పైన బ్యాంకు విధానాన్ని బట్టి. అందుకే ఊరికి వచ్చాక చూసుకుందామని ఫిర్యాదును వాయిదా వేయకూడదు. ఫిర్యాదు నంబరు తీసుకోండి.

తిరుగు ప్రయాణం

ఆఖరి రోజు కోసం కొంత నగదు ఉంచుకుని, మిగతా చిన్న నోట్లు, చిల్లర అక్కడే ఖర్చు చేయండి. నాణేలను ఇక్కడ ఎవరూ మార్చరు. విమానాశ్రయంలో కాఫీకి సగం నాణేలతో, సగం కార్డుతో చెల్లిస్తామంటే చాలా చోట్ల ఒప్పుకుంటారు. తిరిగి వచ్చాక 2,000 డాలర్ల విలువ వరకు విదేశీ నోట్లను తర్వాతి ప్రయాణానికి దాచుకోవచ్చు. అంతకు మించినది 180 రోజుల్లోగా అమ్మేయాలి. ఎవరి దగ్గరైనా 5,000 డాలర్లకు మించి విదేశీ నోట్లు గాని, అన్ని రూపాల్లో కలిపి 10,000 డాలర్లకు మించి గాని ఉంటే దిగగానే కస్టమ్స్‌కు ప్రకటన ఇవ్వాలి. మన రూపాయలు వెళ్లేటప్పుడు 25,000 వరకు తీసుకెళ్లవచ్చు, శంషాబాద్‌లో దిగి పుష్పక్ బస్సో, క్యాబో ఎక్కడానికి ఓ వెయ్యి పాస్‌పోర్టు వెనక పెట్టుకుంటే చాలు. నేపాల్, భూటాన్‌లకు మాత్రం రూపాయల నియమాలు వేరు.

ఫారెక్స్ కార్డులో మిగిలిన మొత్తాన్ని వాడకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే నిర్వహణ చార్జీలు దాన్ని నెమ్మదిగా తినేస్తాయి. దగ్గర్లో ప్రయాణం లేకపోతే తిరిగి రూపాయల్లోకి మార్పించుకోండి. సామాను బెల్టు దగ్గర పెట్టెల కోసం ఎదురు చూస్తూ నిలబడే ఆ పావుగంటలోనే బ్యాంకు యాప్ తెరిచి, అన్ని కార్డులకూ విదేశీ వాడకం మీటలు మూసేయండి. స్లిప్పులను మాత్రం పారేయవద్దు. హోటలు డిపాజిట్లు, టిప్పులు, ఆలస్యంగా నమోదయ్యే ఖర్చులు తర్వాతి రెండు స్టేట్‌మెంట్ల దాకా వస్తూనే ఉంటాయి, ఒక్కొక్క వరుసకు ఎదురుగా స్లిప్పు పెట్టి టిక్కు కొట్టుకోండి.